ఫెలోషిప్పు కూడా కూలే, తల్లీ



నీకు జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పు) వచ్చిందనీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీలో చేరావనీ మీ నాన్న చెప్పిన రోజే నా సంతోషమంతా ఫోన్‌లో చెప్పేశాను. ఈ ఉత్తరం రాస్తున్నది మొన్న నువ్వు అడిగిన మాట గురించి. "నెలకు ముప్పై ఏడు వేలు తీసుకుంటూ పేదరికం మీద రాయడం ఏదో తప్పు చేస్తున్నట్టుంది పెదనాన్నా. నేను కూర్చుని మాట్లాడేది రోజుకు మూడు వందలు దొరకని ఆడవాళ్లతో కదా" అన్నావు. అది ఫోన్‌లో తేలే మాట కాదు. నీకు ఆ బాధ కలిగినందుకు నాకు గర్వంగా ఉంది. అయితే ఆ బాధను అలాగే మోసుకుంటూ తిరిగితే నీ పని సాగదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఫెలోషిప్పు ఎవరో దయతలచి నీ చేతిలో పెట్టిన డబ్బు అనుకోకు. నువ్వు చేయబోయే పనికి అది కూలి. మన అనంతపురం జిల్లాలో నార్పల మండలం బండ్లపల్లిలోనే కదా 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది. అక్కడ కుంటలో మట్టి తీసిన మనిషికి ఆ డబ్బు ఎలా హక్కో, నీకూ ఇది అలాగే హక్కు. ఎండలో ఆమె పడే కష్టంతో నీ కష్టాన్ని నేను పోల్చడం లేదు. హక్కు ఒకే రకమైనది అంటున్నాను. కూలి అనుకున్నావంటే, ఎవరి ముందూ తల వంచకుండా అడిగి తీసుకోగలుగుతావు. కూలి అనుకున్నావంటే, ఒప్పుకున్న పని ఎగ్గొట్టడానికీ మనసు రాదు. సంతలో సబ్బు కొనుక్కున్న కూలామె కట్టిన పన్ను కూడా ఆ ముప్పై ఏడు వేలలో ఉంది. ఆమె నీకు ఆ డబ్బు ఇచ్చింది సిగ్గుపడమని కాదు కదా, తన బతుకు గురించి నిజం కనిపెట్టి చెప్పమని.

ఇక లెక్కలు. 2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్ మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత సీనియర్ ఫెలోగా, అంటే ఎస్‌ఆర్‌ఎఫ్‌గా 42,000. మొత్తం కలిపి అయిదేళ్లకు మించదు. హాస్టల్ గది దొరకకపోతే ఇంటద్దె భత్యం వస్తుంది, దానికి హాస్టల్‌లో చోటు లేదన్న కాగితం కావాలి. మన సామాజిక శాస్త్రాలకు కంటింజెన్సీ మొదటి రెండేళ్లు ఏడాదికి 10,000, ఆపైన 20,500. పుస్తకాలు, జిరాక్సులు, ఫీల్డుకు తిరిగే ఖర్చులు, టైపింగ్ అన్నీ అందులోంచే. కుర్చీలు, బల్లలు కొనడానికి కుదరదు. ప్రతి బిల్లూ నీ పేరు మీద, తేదీతో తీసుకో. ఆర్టీసీ టికెట్టు సిరా నాలుగు నెలల్లో చెరిగిపోతుంది, అదే రోజు ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకో. ఇవన్నీ చిన్న విషయాలుగా కనిపిస్తాయి గానీ, పేద ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు తమకు రావలసిన డబ్బు వదులుకునేది ఎక్కువగా ఇక్కడే. అడగడానికి మొహమాటం, ఆఫీసు గుమాస్తా కసురుకుంటాడని భయం. నువ్వు మొహమాటపడకు.

డబ్బు నెలనెలా ఒకటో తారీఖున పడుతుందని మాత్రం అనుకోకు. నువ్వు పని చేస్తున్నావని నీ గైడు సంతకం పెట్టాలి, డిపార్ట్‌మెంటు పంపాలి, యూనివర్సిటీ ఆఫీసులో ఒకరు దాన్ని కెనరా బ్యాంకు పోర్టల్‌లో ఎక్కించాలి, ఇంకొకరు సరిచూసి ఆమోదించాలి. వాళ్లను మేకర్, చెకర్ అంటారు. ఆ ఇద్దరూ ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో చేరిన వారంలోనే తెలుసుకో. ఏ నెల ధ్రువీకరణ ఏ తారీఖున వెళ్లిందో ఒక చిన్న నోటు పుస్తకంలో రాసుకో. రెండేళ్లు నిండేసరికి ముగ్గురు సభ్యుల కమిటీ నీ పని చూసి ఎస్‌ఆర్‌ఎఫ్‌కు సిఫారసు చెయ్యాలి. దాన్ని ఎవరూ వచ్చి నీకు గుర్తు చెయ్యరు. రెండు నెలల ముందే నువ్వే అడగాలి.

ఉపాధి హామీ చట్టం పదిహేను రోజుల్లో కూలి ఇవ్వాలని, ఆలస్యమైతే పరిహారం కట్టాలని రాసింది. నీ ఫెలోషిప్పుకు అలాంటి చట్టం ఏదీ లేదు. అందుకని మొదటి ఏడాదిలోనే నాలుగైదు నెలల తిండికీ గదికీ సరిపడా డబ్బు పక్కన పెట్టుకో. బకాయిలన్నీ ఒకేసారి పడినప్పుడు చేతిలో ఎక్కువ ఉన్నట్టు అనిపిస్తుంది. అప్పుడు కిస్తీల మీద ఏదీ కొనొద్దు. సెల్‌ఫోన్ అప్పుల యాప్‌ల జోలికి ఏ పరిస్థితిలోనూ పోవద్దు. అవసరం పడితే నాకు ఫోన్ చెయ్, అర్ధరాత్రయినా సరే.

ఇంటికి పంపే డబ్బు గురించి కూడా చెప్పాలి. పంపు. తప్పకుండా పంపు. మీ అమ్మ మోకాళ్ల నొప్పికి, తమ్ముడి ఫీజుకు నువ్వు ఇస్తే ఎవరు కాదంటారు? అయితే ఎంత పంపగలవో ముందే మీ నాన్నకు ఒక అంకె చెప్పేయ్. ఇది ఉద్యోగం కాదనీ, అయిదేళ్ల తర్వాత ఆగిపోతుందనీ, మధ్యలో నెలల తరబడి రాకపోవచ్చనీ విడమరచి చెప్పు. చాలా ఇళ్లలో పిల్లకు ఫెలోషిప్పు వచ్చిందనగానే జీతం వచ్చిందనుకుని అప్పు చేసి ఇంటి మీద ఇంకో గది లేపుతారు. తర్వాత ఆ బరువంతా చదువుకునే పిల్ల మీద పడుతుంది. మీ నాన్నకు చెప్పడం నీకు కష్టమైతే ఆ మాట నాకు వదిలెయ్.

ఇది రాస్తుంటే రోహిత్ వేముల గుర్తుకు వస్తున్నాడు. నువ్వు చదువుతున్న ఆ విశ్వవిద్యాలయంలోనే 2016 జనవరి 17న చనిపోయాడు. గుంటూరు బిడ్డ. తనకు ఏడు నెలల ఫెలోషిప్పు, లక్షా డెబ్భై అయిదు వేలు, రావలసి ఉందనీ దాన్ని తన ఇంటివాళ్లకు అందేలా చూడమనీ చివరి ఉత్తరంలో రాశాడు. ఆ విషాదానికి వెనక ఉన్నది ఒక్క డబ్బే అని నేను అనను. కులం, శిక్షలు, ఒంటరితనం అన్నీ ఉన్నాయి. కానీ ఒక పేద ఇంటి విద్యార్థికి నెలవారీ డబ్బు ఆగిపోవడమంటే ఏమిటో ఆ ఒక్క వాక్యం దేశమంతటికీ తెలియజేసింది. నీకుగానీ, నీ స్నేహితుల్లో ఎవరికైనాగానీ డబ్బు ఆగితే దాన్ని సొంత దురదృష్టంగా మింగేసి గదిలో పడుకోవద్దు. నలుగురికీ చెప్పండి, అందరూ కలిసి వెళ్లి అడగండి. మనసు బాగా లేకపోతే ఇంటికి రా, లేదా నన్ను రమ్మను. ఇందులో పరువు మాటే లేదు.

ఇప్పుడు అసలు పనికి వస్తాను. నువ్వు పంపిన సినాప్సిస్ చూశాను. "గ్రామీణ పేదరిక నిర్మూలనలో ప్రభుత్వ పథకాల పాత్ర: అనంతపురం జిల్లాపై ఒక అధ్యయనం." తల్లీ, ఎంపిక కమిటీల్లో కూర్చున్నప్పుడు ఇలాంటి శీర్షికలు ఎన్ని చూశానో లెక్కలేదు. జిల్లా పేరు మారుతుంది, మిగతాదంతా అదే. మూడు మండలాలు, మూడు వందల కుటుంబాలు, శాతాల పట్టికలు, చివర ఒక కై-స్క్వేర్ పరీక్ష, ఆపైన ప్రభుత్వం మరింత శ్రద్ధ తీసుకోవాలన్న సూచన. ఊరికి వెళ్లకముందే జవాబు తెలిసిపోయిన ప్రశ్న అది. దానికి అయిదేళ్ల కూలి ఎందుకు?

అదే నువ్వు ఫోన్‌లో మాటల మధ్య ఒకటి అన్నావు. ఉపాధి డబ్బులు పడని నెలల్లో మీ అమ్మమ్మ వాళ్ల వీధిలో ఆడవాళ్లు డ్వాక్రా సంఘం కిస్తీ ఎక్కడి నుంచి తెచ్చి కడుతున్నారో అర్థం కావడం లేదని. అది ప్రశ్న! కూలి ఆగుతుంది, కిస్తీ ఆగదు. ఆ మధ్యలో ఉన్న రోజులు ఎవరు నింపుతున్నారు? పుస్తెల తాడు తాకట్టు పెడుతున్నారా, సంఘం లీడరే చేబదులు ఇచ్చి తర్వాత చాకిరీ చేయించుకుంటోందా, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బెంగళూరు బిల్డింగు పనులకు వెళ్లిపోతున్నారా? మగవాడు తెచ్చే అప్పుకూ ఆడమనిషి తెచ్చే అప్పుకూ వడ్డీలో తేడా ఉందా? ఇది ఢిల్లీలో కూర్చున్నవాడికి తట్టే ప్రశ్న కాదు. నీకు తట్టింది, ఎందుకంటే ఆ వీధిలో నువ్వు పెరిగావు. సినాప్సిస్ లోంచి ఆ పెద్ద శీర్షిక తీసేసి ఈ ప్రశ్న పెట్టు. గైడు ఒప్పుకోకపోతే ఒప్పించేదాకా మాట్లాడు. మర్యాదగా, కానీ వదలకుండా.

జేఆర్‌ఎఫ్‌లో నాకు అన్నిటికంటే నచ్చే గుణం ఇదే. నీ ప్రశ్న ఏమిటని అది అడగదు. ఒక ప్రాజెక్టు కింద ఫెలోగా చేరితే ప్రాజెక్టు ఇచ్చినవాళ్ల ప్రశ్నే నీ ప్రశ్న అవుతుంది. స్వచ్ఛంద సంస్థ డబ్బు అయితే వాళ్ల పథకం బాగా పనిచేసిందని తేలాలన్న ఆశ ఎక్కడో ఒకచోట నీడలా ఉంటుంది. ప్రభుత్వ డబ్బుకూ షరతులు ఉండవని కాదు. ఎస్సీ విద్యార్థులు విదేశాల్లో చదవడానికి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు నిబంధనలను 2022లో మార్చి, భారతీయ సంస్కృతి, చరిత్ర, ఇక్కడి సమాజం మీద చేసే అధ్యయనాలను దాని పరిధి నుంచి తీసేశారు. అంటే అంటరానితనం మీద బయట దేశంలో పీహెచ్‌డీ చేయాలనుకున్న దళిత విద్యార్థికి ఆ డబ్బు దొరకదు. ఇది అన్యాయమని నా అభిప్రాయం, ఎక్కడైనా చెబుతాను. నీ చేతిలో ఆ సంకెల లేదు. లేనప్పుడు దాన్ని నీకు నువ్వే వేసుకోవద్దు.

మన రంగంలో అంకెలకు ఎంత బలం ఉందో నీకు క్లాసులో చెప్పే ఉంటారు, అయినా ఒకసారి గుర్తు చేస్తాను. 2011-12లో దేశంలో పేదలు ఎంతమంది అంటే టెండుల్కర్ పద్ధతిలో 21.9 శాతం, అంటే దాదాపు 27 కోట్లు. అదే ఏడాదికి రంగరాజన్ కమిటీ లెక్కలో 29.5 శాతం, 36 కోట్ల పైచిలుకు. గీత ఎక్కడ గీశామన్న దాన్నిబట్టి తొమ్మిది కోట్ల మంది ఇటు నుంచి అటు పోయారు. వాళ్ల ఇంట్లో ఆ రోజు ఉడికిన అన్నం మాత్రం మారలేదు. 2017-18లో జరిపిన వినియోగ వ్యయ సర్వేను ప్రభుత్వం 2019 నవంబరులో పక్కన పెట్టేసింది. తర్వాత సర్వే 2022-23లో జరిగి, ఫలితాలు 2024లో గానీ బయటికి రాలేదు. ఇన్నేళ్లు దేశానికి తన తిండి ఖర్చు లెక్క తనకే తెలియకుండా గడిచింది. అలాంటి కాలంలో ఒక ఊళ్లో ఓపిగ్గా కూర్చుని రాసిన లెక్కకు ఎంత విలువ ఉంటుందో ఆలోచించు.

ఓపిక అన్నాను కాబట్టి ఔరేపల్లె సంగతి చెప్పాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వాళ్లు 1975లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లె, డోకూరు ఊళ్లతో పాటు మహారాష్ట్ర ఊళ్లు కొన్నిటిని ఎంచుకున్నారు. ఊరికి నలభై కుటుంబాలు. ముప్పై సాగుదార్లవి, పది కూలీలవి. లెక్క రాసే మనిషి ఆ ఊళ్లోనే ఇల్లు తీసుకుని ఉండి, మూడు నాలుగు వారాలకోసారి అవే ఇళ్లకు వెళ్లి, ఏం పండింది, ఏం అమ్మారు, ఏం తిన్నారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు అని అడుగుతూ ఏళ్ల తరబడి రాశాడు. ఆ లెక్కల మీద ఆధారపడి రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఆర్థికవేత్త 1994లో ఎకనామెట్రికా పత్రికలో ఒక వ్యాసం వేశాడు. వాన తప్పిన ఏడు ఒక ఇంటి తిండి ఆ ఇంటి నష్టం మేరకే పడిపోతుందా, లేక ఊరు ఆ నష్టాన్ని పంచుకుంటుందా అన్నది అందులో ప్రశ్న. ప్రపంచంలో అభివృద్ధి ఆర్థికశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ఈనాటికీ ఆ వ్యాసం పాఠం. అంటే మన పాలమూరు కూలీ ఇంటి తిండి లెక్క ఆ శాస్త్రానికే పునాది రాళ్లలో ఒకటయింది. అక్కడ ఇంటింటికీ తిరిగి రాసిన మనుషుల పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. నాకు ఆ మనుషుల మీదే గౌరవం ఎక్కువ.

నీ పనికి ఇలాంటి సిద్ధంగా ఉన్న లెక్కలు ముందు చూడు. ఇక్రిశాట్ లెక్కలున్నాయి. జాతీయ నమూనా సర్వే కుటుంబాల వారీ లెక్కలు డబ్బు కట్టకుండానే తీసుకోవచ్చు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన యంగ్ లైవ్స్ అధ్యయనం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి దాదాపు మూడు వేల మంది పిల్లల్ని పట్టుకుని వాళ్లు పెద్దవాళ్లయ్యేదాకా వెంట నడిచింది. ఏడాది పొడవునా ఇలాంటివి చదివి, నీ ప్రశ్నకు వాటిలో జవాబు ఎంతవరకు దొరుకుతుందో తేల్చుకుని, దొరకని దాని కోసమే ఊరికి వెళ్లు. బేగంపేటలో సెస్ పరిశోధన సంస్థ లైబ్రరీ ఉంది, ఉస్మానియా క్యాంపస్‌లో ఐసీఎస్‌ఎస్‌ఆర్ దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉంది. బస్సు దూరమే. వెళ్లి కూర్చో.

ఊళ్లో ఎలా మసలుకోవాలో నీకు నేను చెప్పనక్కర్లేదు, నువ్వు ఆ ఊరి పిల్లవే. అయినా చేతిలో కాగితాలు పట్టుకుని వెళ్లిన మనిషిని ఊరు వేరేగా చూస్తుంది. సర్వే చేసే పిల్ల అంటే రేషన్ కార్డు తీసేస్తారేమోనని ఒకరు, పింఛనుకు పేరు రాసుకుపోతుందని ఒకరు అనుకుంటారు. మొదటి రోజే నువ్వెవరో, ఎందుకు వచ్చావో, నీ వల్ల వాళ్లకు వచ్చేదీ పోయేదీ ఏమీ లేదని తేటగా చెప్పు. ఏ మాటా ఇవ్వొద్దు. కానీ ఏ దరఖాస్తు సచివాలయంలో ఎవరికివ్వాలో నీకు తెలిస్తే చెప్పకుండా రావొద్దు. పరిశోధకులు అంటీముట్టనట్టు ఉండాలని కొన్ని పుస్తకాలు చెబుతాయి, అవి రాసినవాళ్లను ఎవరూ గుమ్మం దగ్గర నిలబెట్టి 'మా పింఛను ఎందుకు ఆగింది పాపా' అని అడిగి ఉండరు.

చెనక్కాయ పీకే రోజుల్లో పొద్దున్నే వెళ్లి ఎవరినీ కూర్చోబెట్టొద్దు. ఉపాధి పని ఉన్న ఎండాకాలంలో వాళ్లు తెల్లవారకముందే పోయి పదకొండింటికి వస్తారు. అప్పుడు కూడా వెంటనే కాదు, నీళ్లు తాగి ఒళ్లు వాల్చాక. ఒక్కోసారి ఎంత సర్దుకున్నా నీ ప్రశ్నల వల్ల ఒకామెకు సగం రోజు పని పోతుంది. ఆ సగం రోజు కూలి ఆమెకు ఇవ్వు. డబ్బిస్తే జవాబులు చెడిపోతాయని వాదించే ప్రొఫెసర్లు ఉన్నారు, వాళ్ల మాట నేను ఒప్పుకోను. తన కాలానికి విలువ ఉందని ఫెలోషిప్పు తీసుకునే మనిషి, ఎదుటి మనిషి కాలాన్ని ఊరికే ఎలా తీసుకుంటుంది? కంటింజెన్సీ లోంచి అది రాదంటారు. నీ ముప్పై ఏడు వేలలోంచి ఇవ్వు. నువ్వు నన్ను అడిగిన ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది.

ఫీల్డు నోట్సు తెలుగులోనే రాసుకో, వాళ్లు అన్న మాట అన్నట్టుగా, ఆ రోజు రాత్రే. ఇంగ్లీషు తర్వాత వస్తుంది. పేర్లూ ఇంటి నంబర్లూ వేరే పుస్తకంలో పెట్టుకో. అప్పుల వివరాలు ఊళ్లో ఇంకొకరి కంట పడితే ఆమెకు చాలా ఇబ్బంది. రాసిన ప్రతి పేజీకీ నకలు ఉంచు. ఎం.ఎన్. శ్రీనివాస్ గారు మైసూరు దగ్గర రాంపుర ఊళ్లో 1948లో ఉండి రాసుకున్న నోట్సు మీద ఏళ్ల తరబడి చేసిన పని, 1970లో ఆయన స్టాన్‌ఫర్డ్‌లో ఫెలోగా ఉన్నప్పుడు ఎవరో పెట్టిన మంటల్లో కాలిపోయింది. ఆయన జ్ఞాపకం నుంచే పుస్తకం రాసి 1976లో వేశారు. ఆయన శ్రీనివాస్ కాబట్టి రాయగలిగారు. మనం నకలు తీసుకుందాం.

ఇక కాలం. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. డబ్బు మాత్రం అయిదేళ్లకే ఆగుతుంది. ఆ ఆరో ఏడు చేతిలో ఏమీ లేకుండా థీసిస్ రాసేవాళ్ల కష్టం చూశాను. నాలుగో ఏడు ముగిసేలోపు అన్ని అధ్యాయాలకూ మొదటి ముసాయిదా ఉండాలి. బాగా లేకపోయినా ఉండాలి. ఆడపిల్లలకు ఇంకో రెండేళ్ల వెసులుబాటు, 240 రోజుల ప్రసూతి సెలవు ఉన్నాయి. ఇవి నీకు ఇప్పుడు చెప్పడానికి కారణం ఉంది. మీ నాన్న సంబంధాలు చూస్తున్నాడని విన్నాను. నువ్వేమీ అనొద్దు, నేను మాట్లాడతాను. ఎప్పుడు చేసుకోవాలన్నది నీ ఇష్టం. చేసుకుంటే ఆ అబ్బాయికీ వాళ్ల ఇంటివాళ్లకూ నీ ఫీల్డు పని అంటే నెలల తరబడి ఊళ్లో ఉండటం అని ముందే తెలియాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

విదేశాలకు వెళ్లే అవకాశాల గురించి అడిగావు. ఉన్నాయి. ఇక్కడ పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లను ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికాకు పంపుతుంది. హెల్సింకీలో ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయానికి చెందిన వైడర్ సంస్థ మూడు నెలలు పీహెచ్‌డీ విద్యార్థులను పిలుస్తుంది. జాఁ డ్రెజ్, అమర్త్యసేన్ ఆకలి మీద పుస్తకం రాసింది ఆ సంస్థ ఆసరాతోనే. కానీ లెక్కలు చేతికి వచ్చాక, రెండు అధ్యాయాలు రాశాక వెళ్లు. ఖాళీ చేతులతో వెళితే మంచు చూసి రావడమే అవుతుంది.

చివరగా నీ రూమ్మేటు సంగతి. ఆ అమ్మాయికి ఏ ఫెలోషిప్పూ రాలేదనీ, నెట్ ఫెలోషిప్పు లేనివాళ్లకు ఇచ్చే నాన్-నెట్ కింద నెలకు వచ్చే 8,000తో నెట్టుకొస్తోందనీ అన్నావు. ఆ ఎనిమిది వేలను కూడా 2015లో యూజీసీ ఎత్తేయాలని చూస్తే దేశమంతటా విద్యార్థులు రోడ్డెక్కారు, అందుకే ఇంకా మిగిలి ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి అదీ లేదు. మైనారిటీ విద్యార్థులకు 2009 నుంచి ఇచ్చిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును 2022లో ఆపేశారు. ఆ అమ్మాయి ఎస్టీ అన్నావు కదా, గిరిజన వ్యవహారాల శాఖ ఏడాదికి 750 నేషనల్ ఫెలోషిప్పులు ఇస్తుంది. ఎస్సీలకు 2,000 ఉన్నాయి, ఓబీసీలకు వేరే ఉన్నాయి. ఐసీఎస్‌ఎస్‌ఆర్ డాక్టొరల్ ఫెలోషిప్పు ఎవరైనా పెట్టుకోవచ్చు, అది జేఆర్‌ఎఫ్ కంటే చిన్నది, అయినా ఏమీ లేనివాళ్లకు పెద్ద ఆసరా. రెండు ఫెలోషిప్పులు ఒకేసారి తీసుకోకూడదన్న సంగతి మాత్రం చెప్పు.

నోటిఫికేషన్ వచ్చిన రోజు ఆ అమ్మాయి పక్కన కూర్చుని దరఖాస్తు నువ్వే పూర్తి చేయించు. కుల ధ్రువపత్రం, మార్కుల జాబితాలు, గైడు ఉత్తరం ఇప్పటి నుంచే స్కాన్ చేసి పెట్టించు. ఆఖరి రోజు సర్వర్ పని చెయ్యదు. ఇక నీ సంగతికి వస్తే, నీ కొత్త ప్రశ్నను ఒక్క పేజీలో, తెలుగులో రాసి ఈ నెలాఖరులోగా నాకు పంపించు.

మీ పెద్దమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

పెదనాన్న